మంగళవారం, ఏడు గంటలకు

గడియారం ఏడు చూపించగానే
కాళ్లు బూట్లలోకి దూరిపోయాయి, నన్నడక్కుండా.
తలుపు తీశాక గుర్తొచ్చింది
ఇవాళ మీటింగ్ లేదు.
వచ్చే మంగళవారం కూడా లేదు.

తొమ్మిదేళ్లు.
మేరీపోర్ట్‌లో చర్చి వెనక గది,
నాణెం వేస్తేనే వెలిగే హీటరు,
సొట్టలు పడ్డ బిస్కెట్ల డబ్బా.
ఎనిమిది మందిమి, ఒక్కోసారి ముగ్గురం,
ఒకసారి నేనూ మినిట్స్ పుస్తకమూ అంతే.

నా మందుల షాపు కౌంటర్ మీద
గ్లెనిస్ కాగితం పరిచి పెన్ను అందించినప్పుడు
ఒక్క సంతకమే కదా అనుకున్నాను.
ఆసుపత్రిలో పిల్లల వార్డు మూసేస్తారట.
ఒక్క సంతకం.
దాని వెనక పదకొండు వేలు నడిచొచ్చాయి
గుమ్మం గుమ్మానికీ కాళ్లరిగేలా తిరిగితే.

వానలో మడతబల్ల.
కాగితాలు ఎగిరిపోకుండా
ఒడ్డున ఏరిన గులకరాళ్లు.
అవిప్పుడు వంటింటి కిటికీలో
దేన్నీ అదిమిపట్టే పని లేక
ఉత్తినే బరువుగా ఉన్నాయి.

గెలిచామనే అన్నారు.
కేకు కోశారు. ఆసుపత్రి పెద్దమనిషి
రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని
"మీ పట్టుదల మాకో పాఠం" అన్నాడు,
నా ఉత్తరాల్లో ఒక్కదానికీ బదులివ్వనివాడు.
వార్డు ఉంటుంది.
పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా.
ఆ తర్వాత కార్లైల్, ముప్పై మైళ్లు.
జ్వరానికి గడియారం చూడ్డం ఎవరు నేర్పుతారని
అడుగుదామనుకున్నాను.
నోట్లో కేకుంది.

గ్లెనిస్ ఈ కేకు తినలేదు.
ఏడో ఏట, ఫిబ్రవరిలో పోయింది.
పాత దుప్పటి మీద బ్యానర్ రాసింది తనే.
చిల్డ్రన్స్ అన్నచోట అపాస్ట్రఫీ మరిచిపోయి
ఊరేగింపు మధ్యలో ఆగి, గోళ్లరంగుతో దిద్దింది.
నలభై ఏళ్లు పురుళ్లు పోసిన చేతులు
ఆ పిసరంత గీతకి వణికాయి.
నిన్న దుప్పటి ఉతికాను. అక్షరాలు వెలిసిపోయాయి.
ఆ ఎర్ర గీత మాత్రం పోనంది.
మళ్లీ ఉతకలేదు.

ఇల్లలకగానే పండగ కాదంటారు.
పండగైపోయాక
ఆ అలికిన చేతుల్ని ఏం చెయ్యాలో
ఏ సామెతా చెప్పదు.

ఇన్నాళ్లూ కోపం మీద బతికాను,
కొందరు టీ మీద బతికినట్టు.
ఇప్పుడు కెటిల్ పెట్టి మరిచిపోతున్నాను.

మొన్న మెట్ల మీంచి వంగి చూసి మేధ
"అమ్మా, నువ్వింట్లో ఉంటే
ఇల్లు వేరేవాళ్లదిలా ఉంది" అంది.
ఎగతాళి కాదు, చూసింది చెప్పింది.
ఐదేళ్లప్పుడు దాన్ని భుజాలమీద ఎక్కించుకుని
గొంతు చించుకున్నాను
ఈ పిల్లల కోసం, ఈ పిల్లల కోసం అని.
ఈ పిల్ల ఎప్పుడింత పొడుగైందో
మినిట్స్ పుస్తకంలో ఎక్కడా లేదు.

వీధిలో జనం ఇంకా నన్ను చూసి
అవతలి పేవ్‌మెంట్ ఎక్కుతున్నారు,
చేతిలో అట్టా పెన్నూ లేకపోయినా.
వాట్సాప్ గ్రూపులో ఎవరో
పిల్లల తోపుడుబండి అమ్మకానికి పెట్టారు,
ఒక చక్రం కీచుమంటుందని నిజాయితీగా రాసి.
టెరెన్స్ విడిగా పంపాడు:
"రాత్రి బస్సు కూడా తీసేస్తారట, విన్నావా?"
చదివాను.
చదివానని అతనికి తెలిసేలా
రెండు టిక్కులూ నీలమయ్యాయి.
జవాబు రాయలేదు.

వాకిట్లోంచి వెనక్కొచ్చి మంచం మీద కూలబడి
ఒక బూటు విప్పాను.
రెండోది విప్పే ఓపిక ఎక్కడో జారిపోయింది.
జూన్ నెల, ఈ ఊళ్లో పది దాకా వెలుతురే.
సముద్రం మీద ఎండ ఇంకా డ్యూటీలోనే ఉంది.
ఉండనీ.
అలాగే వాలిపోయాను.

మేధ వచ్చినట్టుంది.
మెల్లిగా లేసు లాగుతోంది.
నిద్రపోయాననుకుంది.
అనుకోనిచ్చాను.